ఏడు, ఏఁడు

1970ల్లో హైదరాబాదులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. పెండ్లి పత్రికలకూ కరపత్రాలకూ అరసున్నతో పని పడేది కాదు. అక్షరాల కేసులో ఆ గడి దుమ్ము పట్టి ఉండేది. ఒకసారి పాత కావ్యం ఒకటి అచ్చుకు వచ్చింది. ప్రూఫు దిద్దుతూ పంతులుగారు, నేను ‘ఏడు’ అని కూర్చిన చోట అరసున్న చేర్చారు.

“ఇది అంకె కాదు నాయనా, సంవత్సరం.”

“పలకడంలో తేడా లేదు కదండీ?”

“ఇప్పుడు లేదు.”

ఆ ‘ఇప్పుడు’ అన్న మాట వెంట పడి చాలా చదివాను. సంవత్సరాన్ని పాత తమిళంలో యాండు అన్నారు. మన దగ్గర అది ఏండు. దీర్ఘం పక్కన ఉన్న నిండు సున్న పలుచబడి ముక్కులో చిన్న గాలిగా మిగిలింది, చివరికి అదీ పోయింది. అరసున్న ఆ గాలికి గుర్తు.

అంకె దారి వేరు. అరవవాళ్లు ‘ఏఴు’ అన్నప్పుడు నాలుక వెనక్కి మడిచి పలికే ఆ ధ్వని ఒకప్పుడు మనదీ. కడప సీమలో 6వ శతాబ్దపు రేనాటి చోళుల శాసనాల్లో దానికి విడిగా అక్షరమే ఉంది. అచ్చుల నడుమ అది డకారమైంది: కోఴి కోడి అయింది, ఏఴు ఏడు అయింది. నన్నయ కాలానికి ఆ అక్షరమే లేదు. అలా రెండు మాటలు రెండు దారుల్లో నడిచి వచ్చి ఒకే ఉచ్చారణ దగ్గర కలిశాయి.

అదే ధ్వని ‘పొఴుదు’లో ముందుకు జరిగి పకారాన్ని పట్టుకుంది. ప్రొద్దు అయింది, తరువాత పొద్దు. ఇలా హల్లులు మాట మొదటికి జరగడాన్ని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి ‘తెలుగు వెర్బల్ బేసెస్’లో విడమరిచారు. ఉరల్ రోలు కావడమూ ఇందులోదే. ఈ మార్పు మాటలన్నిటికీ ఒక్క రోజున రాదనీ, ఒక మాట నుంచి ఇంకో మాటకు పాకుతుందనీ 1978లో ఆయన కువి, కొండ వంటి భాషల సాక్ష్యంతో చూపారు. నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. పాకేది కాబట్టి, కొన్ని మాటలు వెనక మిగులుతాయి.

ఆ కావ్యం అచ్చుకు వచ్చిన ఎండాకాలం ఊరికి పోతే నాయినమ్మ నా గడ్డం పట్టుకొని “నీకు ఎన్నేండ్లొచ్చినయిరా?” అన్నది. సున్న నిండుగా పలికింది. కోస్తా నుంచి వచ్చి నా పక్క కేసులో పనిచేసే మిత్రుడు ‘ఏళ్ళు’ అనేవాడు. పట్నం వచ్చాక నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను. పంతులుగారు గీసిన ఆ అరసున్న చోటు నాయినమ్మ నోట ఖాళీ కాలేదు. నేను మళ్లీ ‘ఏండ్లు’ అనడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.

నా సీసపు అక్షరాల కేసులో ఴకు గడే లేదు. 2014లో అది యూనికోడ్‌లో చేరింది. మొన్న మనవరాలి కంప్యూటర్లో ‘కోఴి’ అని కూర్చి చాలాసేపు చూసుకున్నాను.