ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?

1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్ప్రింగ్ వ్యాలీ బడికి టేప్ దంపతులు తమ ఎనిమిదేళ్ల కూతురు మేమీని చేర్పించడానికి తీసుకెళ్లారు. పిల్ల పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్లోనే. ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడుతుంది. అయినా ప్రధానోపాధ్యాయురాలు జెన్నీ హర్లీ గుమ్మంలోనే ఆపేసింది. పిల్లది చైనా సంతతి, కారణం అంతే. టేప్ దంపతులు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. 1885 మార్చిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వాళ్లవైపే తీర్పిచ్చింది. ఆ గెలుపు నిలవలేదు. చైనా పిల్లలకు వేరే బడి పెట్టుకోవచ్చని శాసనసభ హడావిడిగా చట్టం చేసింది. మేమీ చివరికి ఆ వేరే బడికే వెళ్లింది.

1970 వచ్చేసరికి అదే ఊళ్లో కథ తిరగబడింది. హాంకాంగ్ నుంచి తల్లితో వచ్చిన కినీ కిన్‌మన్ లౌ అనే పసివాణ్ని బడి కాదనలేదు. బెంచీ చూపించింది, అందరికిచ్చిన పుస్తకాలే ఇచ్చింది, అందరికీ చెప్పిన పాఠమే చెప్పింది. వాడికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషు వచ్చిన పిల్లను బయట నిలబెట్టిన ఊరే, ఇంగ్లీషు రాని పిల్లవాణ్ని లోపల కూర్చోబెట్టి వదిలేసింది. అమెరికా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలను గుర్తించి, సాయం చేసే ఏర్పాటు అంతా ఈ రెండో పిల్లవాడి కేసు నుంచి ఎదిగింది.

అంతకుముందు ఆ దేశంలో ఇతర భాషల పిల్లలే లేరా అంటే, కావలసినంతమంది ఉన్నారు. 1839లోనే ఒహాయో రాష్ట్రం జర్మన్‌లో కూడా పాఠాలు చెప్పుకోవచ్చని చట్టం చేసింది. సిన్సినాటి బడుల్లో జర్మన్, ఇంగ్లీషు పక్కపక్కనే సాగాయి. మొదటి ప్రపంచ యుద్ధంతో గాలి మారింది. జర్మన్ వినిపిస్తే శత్రువు గొంతు విన్నట్టు అయిపోయింది. చిన్న తరగతుల పిల్లలకు ఇంగ్లీషు తప్ప వేరే భాష నేర్పడం నేరమని 1919లో నెబ్రాస్కా చట్టం చేసింది. జర్మన్ చదివించినందుకు రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడికి జరిమానా పడింది. 1923లో దేశ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది గానీ, అప్పటికే బడుల తీరు మారిపోయింది. పిల్లవాణ్ని ఇంగ్లీషులో పడేస్తే వాడే ఈదుకొస్తాడన్న నమ్మకం దేశమంతా పాతుకుపోయింది. ఈదలేనివాళ్లు చదువు మానేశారు. వాళ్ల లెక్క ఎవరూ రాసుకోలేదు.

లిండన్ జాన్సన్ ఈ సంగతి దగ్గరగా చూసినవాడు. అధ్యక్షుడు కావడానికి చాలా ముందు, 1928లో, టెక్సస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ సంతతి పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ రోజుల్లో బడిలో ఇంగ్లీషే మాట్లాడాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో ఆయనా ఒకడు. అదే మనిషి 1968 జనవరి 2న ద్విభాషా విద్యా చట్టం మీద సంతకం చేశాడు. టెక్సస్ సెనెటర్ రాల్ఫ్ యార్‌బరో పట్టుదలతో వచ్చిన ఆ చట్టం, ఇంగ్లీషు అంతగా రాని పిల్లల కోసం కొత్త పద్ధతులు ప్రయత్నించే బడులకు కేంద్రం డబ్బిస్తానంది. కావాలనుకున్న బడి తీసుకోవచ్చు, వద్దనుకున్నది మానుకోవచ్చు. ఏ బడికీ అది తప్పనిసరి కాదు.

గుర్తించడం అనే పనిలో ఇంకో ప్రమాదం కూడా అప్పుడే బయటపడింది. కాలిఫోర్నియాలోని మాంటరే కౌంటీలో తొమ్మిదిమంది మెక్సికన్ సంతతి పిల్లలకు ఇంగ్లీషులో తెలివితేటల పరీక్ష పెట్టి, మార్కులు రాలేదని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తరగతిలో వేశారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్ష పెడితే చాలామందికి మార్కులు బాగా పెరిగాయి. లోపం పిల్లల బుర్రలో లేదు, ప్రశ్నపత్రంలో ఉంది. ‘డయానా’ పేరుతో సాగిన ఆ వ్యాజ్యం 1970లో రాజీతో ముగిసింది. ఇకమీదట పిల్లల సొంత భాషలో కూడా పరీక్షించాలని రాష్ట్రం ఒప్పుకుంది. అదే ఏడాది మే 25న కేంద్ర ఆరోగ్య, విద్యా, సంక్షేమ శాఖ పౌరహక్కుల విభాగం దేశంలోని బడులకు ఓ మెమో పంపింది. ఇంగ్లీషు రాకపోవడం వల్ల పిల్లలు చదువుకు దూరమవుతుంటే సరిచేసే బాధ్యత బడిదేనని, ఆ కారణంగా వాళ్లను మందమతులుగా ముద్ర వేయకూడదని అందులో ఉంది. చూడటానికి మామూలు సర్క్యులరే. నాలుగేళ్ల తర్వాత దానికి సుప్రీంకోర్టు బలం వచ్చింది.

ఆ బలం తెచ్చినవాడు ఎడ్వర్డ్ స్టైన్‌మన్. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పేదలకు ఉచితంగా వాదించే కుర్ర లాయరు. కినీ తల్లి ఆయన దగ్గరికి బడి గొడవ మీద రాలేదు. ఇంటి యజమానితో తగాదా వస్తే వచ్చింది. మాటల్లో కొడుకు చదువు సంగతి బయటపడింది. 1970 మార్చిలో కినీ పేరు ముందు పెట్టి, అలాంటి పిల్లలందరి తరఫున దావా వేశారు. స్కూలు బోర్డు అధ్యక్షుడు అలన్ నికోల్స్ కావడంతో కేసుకు ‘లౌ వర్సెస్ నికోల్స్’ అని పేరు పడింది.

కోర్టు రికార్డులోకెక్కిన లెక్క ఇది. ఊళ్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి విద్యార్థులు 2,856 మంది. వాళ్లలో వెయ్యిమందికి అదనపు ఇంగ్లీషు పాఠాలు అందుతున్నాయి. మిగిలిన 1,800 మందికి పైగా పిల్లలకు ఏమీ లేదు. బోర్డు వాదన ఒక్క మాటలో చెప్పవచ్చు: అందరికీ ఒకటే ఇస్తున్నాం, ఇక వివక్ష ఎక్కడుంది? కింది కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది, అప్పీలు కోర్టూ ఒప్పుకుంది.

సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1974 జనవరి 21న, ఒక్క న్యాయమూర్తి కూడా విభేదించకుండా తీర్పు వచ్చింది. రాసినవాడు విలియం డగ్లస్. ఆ తీర్పు కొద్ది పేజీలే. హైస్కూలు గట్టెక్కాలంటే ఇంగ్లీషు రావాలని కాలిఫోర్నియా చట్టమే అంటోంది, మరి ఆ ఇంగ్లీషు నేర్పకుండా కూర్చోబెట్టి ఒకే పుస్తకం, ఒకే పంతులు, ఒకే పాఠం ఇస్తే సమానంగా చూసినట్టు కాదని ఆయన తేల్చేశాడు. కేంద్రం డబ్బు తీసుకునే సంస్థలు జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపకూడదన్న 1964 పౌరహక్కుల చట్టం, ఆ 1970 మెమో, ఈ రెండూ ఆయనకు ఆధారాలు.

అయితే ఏం చేయాలో ఆయన చెప్పలేదు. ఇంగ్లీషు నేర్పడం ఒక దారి, చైనీస్‌లో పాఠం చెప్పడం ఇంకో దారి, వేరేవీ ఉండొచ్చు, మీరే చూసుకోండి అన్నాడు. కినీ లాయర్లు కూడా ఫలానా పద్ధతే కావాలని అడగలేదు. న్యాయమూర్తి బ్లాక్‌మన్ విడిగా ఒక మెలిక పెట్టాడు: ఇక్కడ పద్దెనిమిది వందల మంది ఉన్నారు కాబట్టి సరే, ఒక్క పిల్లవాడే అయితే తన అభిప్రాయం వేరుగా ఉండొచ్చని. అప్పటి నుంచి ఈ యాభై ఏళ్లలో జరిగిన రగడ అంతా డగ్లస్ ఖాళీగా వదిలిన ఆ చోటు గురించే.

అదే ఏడాది ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ సమాన విద్యావకాశాల చట్టం చేసి, భాష అడ్డు దాటించడానికి బడి తగిన చర్య తీసుకోకపోవడాన్ని చట్టవిరుద్ధం చేసింది. 1975లో విద్యా కమిషనర్ టెరెల్ బెల్ ‘లౌ రెమిడీస్’ అనే మార్గదర్శకాలు ప్రకటించాడు. ఇంటి భాష కనుక్కోవాలి, పిల్లవాడి స్థాయి తేల్చాలి, చిన్న తరగతుల్లో సొంత భాషలో కూడా బోధించాలి అని. 1980లో అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం వాటిని గట్టి నిబంధనలుగా మార్చబోయింది. ఎన్నికల్లో రీగన్ గెలిచాడు. 1981 ఫిబ్రవరిలో ఆ ముసాయిదాను కొత్త విద్యామంత్రి వెనక్కి తీసేసుకున్నాడు. ఆ మంత్రి ఎవరో కాదు, టెరెల్ బెల్లే.

నిబంధనలు పోయాయి, కానీ అదే ఏడాది జూన్‌లో టెక్సస్‌లోని రేమండ్‌విల్ నుంచి వచ్చిన ‘కాస్టన్యేడా వర్సెస్ పికార్డ్’ కేసులో అప్పీలు కోర్టు ఓ కొలబద్ద తయారుచేసింది. బడి ఎంచుకున్న పద్ధతికి విద్యావేత్తలు ఒప్పుకునే ఆధారం ఉందా? దాన్ని నడపడానికి సరిపడా టీచర్లు, సామగ్రి ఇచ్చారా? కొన్నాళ్లు నడిపాక పిల్లలకు నిజంగా ఇంగ్లీషు వచ్చిందా? ఈ మూడు ప్రశ్నలే నేటికీ అధికారులు, కోర్టులు వాడుతున్నవి. నా లెక్కన ఈ చరిత్రలో సుప్రీంకోర్టు తీర్పు కన్నా పనికొచ్చిన కాగితం ఇదే. లౌ తీర్పు హక్కు ఉందని చెప్పింది, ఇది ఆ హక్కు అందిందో లేదో చూసే పద్ధతి చెప్పింది.

తర్వాతి పెద్ద మలుపు తల్లిదండ్రుల వైపు నుంచి వచ్చింది. 1996లో లాస్ ఏంజెలెస్‌లోని నైన్త్ స్ట్రీట్ బడిలో, బట్టల కార్ఖానాల్లో కుట్టుపని చేసుకునే లాటినో తల్లులు పిల్లలను బడికి పంపడం మానేశారు. స్పానిష్‌లో చెబుతూ ఏళ్లు గడుపుతున్నారు, మా పిల్లలకు ఇంగ్లీషు ఎప్పుడొస్తుందన్నది వాళ్ల గోడు. ఆ గోడును సిలికాన్ వ్యాలీ వ్యాపారి రాన్ అంజ్ ప్రజాభిప్రాయ సేకరణగా మార్చాడు. 1998 జూన్‌లో 61 శాతం ఓట్లతో ప్రపొజిషన్ 227 నెగ్గింది. ద్విభాషా బోధన చాలావరకు మూతపడి, మామూలుగా ఏడాదికి మించకుండా ఇంగ్లీషు గట్టిగా నేర్పి మామూలు తరగతికి పంపాలన్నది నియమమైంది. భాష ఏడాదిలో వచ్చేస్తుందన్న ఆ ఆశ పెద్దదే. సంతలో బేరమాడేంత ఇంగ్లీషు త్వరగానే పట్టుబడుతుంది, సైన్సు పాఠం చదివి జవాబు రాసేంత ఇంగ్లీషుకు చాలా ఏళ్లు పడుతుంది. 2016లో 73 శాతం ఓట్లతో అదే కాలిఫోర్నియా ప్రజలు ఆ నియమాన్ని ఎత్తేశారు. తల్లుల గోడులో న్యాయం లేదని దీని అర్థం కాదు. చెడ్డగా నడిచిన ద్విభాషా తరగతి కూడా పిల్లవాణ్ని మోసం చేస్తుంది.

ఇప్పుడు కాలిఫోర్నియాలో బిడ్డను ప్రభుత్వ బడిలో తొలిసారి చేర్చేటప్పుడు ఒక ఫారం చేతికిస్తారు. అందులో నాలుగు ప్రశ్నలు. బిడ్డ మొదట మాటలు నేర్చింది ఏ భాషలో? ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది? మీరు బిడ్డతో ఎక్కువగా ఏ భాషలో మాట్లాడతారు? ఇంట్లో పెద్దవాళ్లు ఏ భాష వాడతారు? మొదటి మూడింటిలో దేనికైనా ఇంగ్లీషు కాని భాష రాస్తే, 30 రోజుల్లోగా పరీక్ష పెడతారు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అన్నీ చూస్తారు. పలకాబలపం వయసు పిల్లలను టీచరు ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకొని బొమ్మలు చూపిస్తూ మాట్లాడిస్తుంది. స్థాయి చాలకపోతే ‘ఇంగ్లీష్ లెర్నర్’ అని నమోదు చేసి ఇంటికి ఉత్తరం పంపుతారు. ఆ తర్వాత ఏటా పరీక్ష ఉంటుంది. ఆ జాబితాలోంచి బయటపడాలంటే పరీక్షలో పై స్థాయి రావాలి, టీచరు సరేననాలి, తల్లిదండ్రులనూ అడగాలి. పరీక్ష పేర్లు రాష్ట్రాన్ని బట్టి మారినా వరస దేశమంతా ఇంచుమించు ఇదే.

సాయం మాత్రం ఊరూరికీ తేడా. ఒకచోట పిల్లలను తరగతి నుంచి కాసేపు బయటికి పిలిచి నేర్పుతారు. ఇంకోచోట ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే ఈఎస్‌ఎల్ టీచరే తరగతిలోకి వచ్చి పక్కన కూర్చుంటుంది. కొన్ని బడుల్లో సగం రోజు ఇంగ్లీషు, సగం రోజు స్పానిషో చైనీసో నడుస్తుంది. మేమీనీ కినీనీ చూసిన శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 1995లో క్యాంటనీస్‌లో బోధించే ప్రభుత్వ బడి మొదలైంది. దానికి ఆ ఊరి ప్రభుత్వ బడుల్లో తొలి చైనీస్ అమెరికన్ టీచరు ఆలిస్ ఫాంగ్ యూ పేరు పెట్టారు. చైనా పిల్లలకని విడగొట్టిన పాత బడే ఆమెకు 1926లో ఉద్యోగమిచ్చింది.

2021 నాటికి దేశంలోని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ లెర్నర్లుగా నమోదైన పిల్లలు 53 లక్షలు, అంటే పదిమందిలో ఒకరు. నాలుగింట మూడొంతుల మంది స్పానిష్ ఇళ్లవాళ్లు. వీళ్లలో చాలామంది అమెరికాలోనే పుట్టారు. కొందరు ఆరేళ్లు దాటినా ఆ జాబితాలోంచి బయటపడరు. వాళ్లను విడిగా లెక్కపెట్టి తీరాలని 2012లో కాలిఫోర్నియా చట్టం చేసింది. సాయం కోసం పెట్టిన పేరు కొందరికి హైస్కూలు దాకా వెంటబడి, మంచి క్లాసులకు అడ్డు నిలుస్తోంది. డయానా కేసు నాటి భయం కొత్త రూపంలో ఇంకా ఉందన్నమాట. 2025లో ఇంకో కుదుపు వచ్చింది. మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించాడు. బడుల బాధ్యతలను వివరంగా చెప్పిన 2015 నాటి మార్గదర్శకాలను ఆగస్టులో ప్రభుత్వం ఉపసంహరించింది. 1974 చట్టం, లౌ తీర్పు, కాస్టన్యేడా కొలబద్ద మాత్రం రద్దు కాలేదు.

అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2017 నాటికే నాలుగు లక్షలు దాటారు. ఆ నాలుగు ప్రశ్నల ఫారం వాళ్ల చేతికీ వస్తుంది. ‘మా వాణ్ని ఈఎస్‌ఎల్‌లో వేస్తారేమో’ అన్న బెంగతో, నాయనమ్మ ఇంటినిండా తెలుగు మాట్లాడుతున్నా ‘ఇంగ్లీష్’ అని రాసేసేవాళ్లు ఉన్నారు. ఆ బెంగ అక్కర్లేదు. తెలుగు అని రాసినంత మాత్రాన ఎవరినీ ఎక్కడా వేయరు, పరీక్ష పెడతారు, అంతే. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్ల ఆ పరీక్షతోనే బయటపడుతుంది. రానివాడికి సాయం అందుతుంది. ప్రత్యేక తరగతి వద్దనుకుంటే వద్దని రాసిచ్చే హక్కు తల్లిదండ్రులకు ఉంది, ఏటేటా పరీక్ష మాత్రం తప్పదు. పిల్లలను బడిలో చేర్చబోయేవాళ్లు ఆ ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి.