ఆపరేషన్‌కు ముందే డాక్టర్ చేతిలో పేషెంట్ గుండె.. 3డీ ప్రింటెడ్ మోడల్ ఎవరికి అవసరం? ఎవరికి అక్కర్లేదు?

నాన్న కిడ్నీని మూడేళ్ల పాపకు పెట్టాలి. పెద్దవాళ్ల కిడ్నీ అంత చిన్న పొట్టలో పడుతుందా? తీరా పొట్ట తెరిచాక పట్టదని తేలితే? లండన్‌లోని గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రి డాక్టర్లకు ఎదురైన ప్రశ్న ఇది. వాళ్లు స్కాన్లు చూసి అంచనా వేయడంతో ఆగలేదు. ఆ స్కాన్ల ఆధారంగానే తండ్రి కిడ్నీని, పాప పొట్ట లోపలి భాగాన్ని అదే సైజులో 3డీ ప్రింటర్‌తో తయారు చేయించారు. ఎలా అమర్చాలో వాటిమీద చూసుకున్నాకే ఆపరేషన్‌కు దిగారు. అది సక్సెస్ అయింది. ఇలాంటి మార్పిడికి 3డీ మోడల్స్ వాడటం ప్రపంచంలో ఇదే మొదటిసారని 2016 జనవరిలో ఆసుపత్రి ప్రకటించింది.

అసలు ఈ మోడల్ ఎలా తయారవుతుంది?

సీటీ స్కాన్ అంటే కీరదోసను చక్రాలుగా తరిగినట్టు శరీరాన్ని పొరలు పొరలుగా తీసిన ఫొటోలు. ఆ పొరలన్నీ మనసులోనే పేర్చుకుని లోపల ఏది ఎక్కడుందో ఊహించుకోవడం సర్జన్‌కు అలవాటే. మోడల్ వస్తే ఆ ఊహ చేతిలోకి వస్తుంది. ముందు కంప్యూటర్‌లో ఒక్కో పొర మీద ఇది ఎముక, ఇది రక్తనాళం, ఇది కణితి అని గుర్తులు పెడతారు. ఓపిక, అనుభవం ఎక్కువగా కావాల్సింది ఇక్కడే. ఆ తర్వాత ప్రింటర్ ఒక పొర మీద మరో పొర వేసుకుంటూ ఆకారాన్ని కడుతుంది. అమెరికాకు చెందిన చక్ హల్ 1986లో పేటెంట్ పొందిన టెక్నాలజీకి ఇది కొనసాగింపే. ఎముకలకు గట్టి ప్లాస్టిక్ చాలు. గుండెకైతే రబ్బరులా వంగే పదార్థం వాడతారు. దాన్ని కోసి, కుట్టి కూడా ప్రాక్టీస్ చేయొచ్చు.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడుతున్నారు. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ కలిసి 2022లో 3డీ ప్రింటింగ్‌తో కార్నియా తయారు చేసి కుందేలుకు అమర్చాయి. అది వేరే సంగతి. ఇప్పుడు చెప్పుకుంటున్న మోడల్ పేషెంట్ ఒంట్లోకి వెళ్లదు, ప్లానింగ్ కోసం మాత్రమే.

పిల్లల గుండె జబ్బుల్లో తేడా ఎక్కడ?

ఈ మోడల్స్ విలువ బాగా తెలిసేది పుట్టుకతో వచ్చే క్లిష్టమైన గుండె లోపాల్లోనే. డబుల్ ఔట్‌లెట్ రైట్ వెంట్రికల్ అనే జబ్బునే తీసుకోండి. మామూలుగా గుండె నుంచి బయటికొచ్చే రెండు పెద్ద రక్తనాళాల్లో ఒకటి కుడి జఠరిక నుంచి, ఇంకొకటి ఎడమ జఠరిక నుంచి మొదలవ్వాలి. ఈ పిల్లల్లో రెండూ కుడి వైపు నుంచే వస్తాయి. రెండు జఠరికల మధ్య గోడకు రంధ్రం కూడా ఉంటుంది. ఆ రంధ్రం నుంచి బృహద్ధమని దాకా గుండె లోపలే ఓ దారి కట్టగలిగితే రెండు జఠరికలూ పనిచేస్తాయి. కుదరకపోతే ఒకే జఠరికతో నెట్టుకొచ్చే పద్ధతికి వెళ్లాలి, అందుకు విడతలవారీగా ఆపరేషన్లు చేయాలి. బిడ్డ జీవితాంతం ప్రభావం చూపే నిర్ణయం అది. పైగా పసిబిడ్డ గుండె ఆ బిడ్డ పిడికిలంతే ఉంటుంది!

2017లో 10 అంతర్జాతీయ కేంద్రాలు కలిసి ఇలాంటి 40 కేసులను పరిశీలించాయి. మోడల్ చూశాక 19 కేసుల్లో సర్జరీ ప్లాన్ మారింది. మిగతా 21 కేసుల్లో మారలేదు. అంటే సగానికి పైగా కేసుల్లో స్కాన్‌తో తీసుకున్న నిర్ణయమే నిలిచిందన్నమాట. ప్రచారంలో 19 గురించి చెప్తారు కానీ 21 గురించి చెప్పేవాళ్లు తక్కువ.

దవడ సర్జరీల్లో లాభం ఇంకోలా ఉంటుంది. గుట్కా, ఖైనీ వల్ల వచ్చే నోటి క్యాన్సర్‌లో దవడ ఎముక కొంత తీసేయాల్సి వస్తే, కాలి పిక్క పక్కనుండే సన్నని ఎముకతో దాన్ని మళ్లీ కడతారు. టైటానియం ప్లేట్‌ను ప్రింటెడ్ దవడ మీద ముందే వంచి పెట్టుకుంటే థియేటర్‌లో ఆ పని తప్పుతుంది. ఎముకలు, దవడ, ముఖ సర్జరీలపై 2020లో వచ్చిన ఓ సమీక్షలో 7 అధ్యయనాలను కలిపి చూస్తే సగటున 62 నిమిషాలు ఆదా అయినట్టు తేలింది. మత్తులో ఉండే టైమ్ ఆ మేరకు తగ్గినట్టే. అయితే 7 అధ్యయనాలు అంటే పెద్ద లెక్కేం కాదు.

మోడల్‌నూ గుడ్డిగా నమ్మకూడదు

స్కాన్ టైమ్‌లో పేషెంట్ కదిలితే మోడల్ కూడా తేడాగానే వస్తుంది. గుండె కవాటాల్లాంటి పల్చని భాగాలు స్కాన్‌లో సరిగ్గా పడకపోవచ్చు. గుర్తులు పెట్టేటప్పుడు పొరపాటు జరిగితే ఆ తప్పే చక్కగా ప్రింటై చేతికొస్తుంది. పైగా అసలు గుండె కొట్టుకుంటుంది, మోడల్ కొట్టుకోదు. ప్రింటింగ్‌కే గంటలు పడుతుంది కాబట్టి నిమిషాల్లో థియేటర్‌కు తీసుకెళ్లాల్సిన ఎమర్జెన్సీ కేసుల్లో దీనికి చోటే లేదు. అపెండిక్స్ లాంటి రొటీన్ ఆపరేషన్లకు కూడా మామూలుగా ఇది అక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా మోడల్ చేయిద్దామని ఆసుపత్రి చెప్తే భయపడాల్సిన పనిలేదు, వెంటనే ఒప్పుకోవాల్సిన పనీ లేదు. ‘మోడల్ చూశాక మీ ప్లాన్ మారే ఛాన్స్ ఉందా డాక్టర్ గారూ?’ అని అడగండి. తయారైన మోడల్‌ను స్కాన్‌తో పోల్చి రేడియాలజిస్ట్ చెక్ చేస్తారా అన్నదీ తెలుసుకోండి. దాని ఖర్చు ఆపరేషన్ ప్యాకేజీలోనే ఉందా, విడిగా బిల్లు వేస్తారా అన్నది సంతకం పెట్టక ముందే అడిగి రాయించుకోండి.