సందేశాల పట్టిక (కమాండ్ లైన్ ఈమెయిల్)

కమాండ్ లైన్ ఈమెయిల్ ప్రోగ్రాములో ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో వరుసలో అక్షరాలతోనే చూపే జాబితాను సందేశాల పట్టిక అంటారు; ఇందులో మౌస్‌తో నిమిత్తం లేకుండా, మీటలు నొక్కి ఆదేశాలిస్తూ ఉత్తరాలను వెతకడం, చదవడం, తొలగించడం జరుగుతుంది.

చరిత్ర

1978లో కర్ట్ షోన్స్ బర్క్‌లీ యూనిక్స్ కోసం రాసిన ‘మెయిల్’, 1989లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘పైన్’, 1995లో మైకేల్ ఎల్కిన్స్ రూపొందించిన ‘మట్’ ఈ కోవలో ప్రసిద్ధమైనవి. భారతదేశంలో 1986లో ఆరంభమైన, విద్యా పరిశోధనా సంస్థలను కలిపే ఎర్నెట్ నెట్‌వర్కుకు తొలి భాగస్వాములైన సంస్థల్లో మద్రాసులోని ఐఐటీ ఒకటి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు, బొమ్మలు లేకుండా అక్షరాలు మాత్రమే చూపే, కమాండ్ లైన్ ఈమెయిల్ ప్రోగ్రాములు నడిచే షెల్ ఖాతాలను కూడా ఇచ్చింది.

పనితీరు

‘మెయిల్’ పట్టికలోని ప్రతి వరుసలో ఉత్తరం క్రమసంఖ్య, పంపినవారి పేరు, తేదీ, పరిమాణం, విషయం ఉంటాయి. వరుస మొదట్లో బాణం గుర్తు ఉంటే అది ప్రస్తుత ఉత్తరమనీ, ‘ఎన్’ అక్షరం ఉంటే కొత్తదనీ, ‘యు’ ఉంటే ఇంకా చదవనిదనీ అర్థం. ‘హెచ్’ నొక్కితే పట్టిక మళ్లీ కనిపిస్తుంది, ‘జెడ్’ తర్వాతి పుటకు తీసుకెళుతుంది, క్రమసంఖ్య టైపు చేస్తే ఆ ఉత్తరమే తెరుచుకుంటుంది. ‘డి’తో తొలగించిన ఉత్తరం వెంటనే పోదు, ‘క్యూ’తో బయటికి వచ్చినప్పుడే చెరిగిపోతుంది కాబట్టి, ఈలోగా ‘యు’ ఆదేశంతో దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా ‘ఎక్స్’తో ఏ మార్పూ లేకుండా బయటపడవచ్చు. ‘మట్’లోనైతే పట్టిక తెరంతా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందికీ కదలడానికి బాణం మీటలు చాలు, ‘ఎల్’ నొక్కి షరతు ఇస్తే దానికి సరిపడే ఉత్తరాలే మిగిలి కనిపిస్తాయి.

తెలుగు ఉత్తరాలు

ఇంగ్లీషేతర లిపులను ఈమెయిల్ శీర్షికల్లో పంపే పద్ధతి మైమ్ అనే ఈమెయిల్ ప్రమాణాలతో 1992లో వచ్చింది. చదివేవారికి మూడక్షరాలైన ‘నెల్లూరు’ యూనికోడ్‌లో 8 సంకేతాలుగా, యూటీఎఫ్-8లో 24 బైట్లుగా ఉండి, శీర్షికలో పంపడానికి మైమ్ వాడే బేస్ 64 సంకేతలిపిలోకి మారేసరికి 32 గుర్తులవుతుంది. మైమ్ తెలియని పాత ప్రోగ్రాముల పట్టికలో విషయం స్థానంలో ఈ గుర్తుల వరుసే కనిపిస్తుంది. టెర్మినల్ ప్రతి గుర్తుకూ లెక్కగట్టిన గడులకూ, ఒత్తులు, గుణింతాలు నిజంగా ఆక్రమించే చోటుకూ పొంతన కుదరకపోతే, పంపినవారి పేరు తెలుగులో ఉన్న వరుసలో దాని కుడివైపు భాగాలు పక్కకు జరుగుతాయి. అందువల్ల తెలుగులో ఉత్తరాలు అందుకునేవారికి మైమ్ తెలిసిన ‘మట్’ వంటి ప్రోగ్రాముతో పాటు, యూటీఎఫ్-8ను, తెలుగు ఖతిని సరిగ్గా చూపే టెర్మినల్ కూడా అవసరం.