వాకిలి లేని నగరం

మా చిన్నతాత ట్రంకుపెట్టెలో ఒక మిల్లు పాసు ఉండేది. అంచులు నలిగిన ఫొటో, దాని కింద టోకెన్ నంబరు. గొల్లపల్లి నుంచి జగిత్యాలకు, అక్కడి నుంచి బొంబాయికి బస్సెక్కిననాడు ఆయనకింకా మీసాలు సరిగ్గా రాలేదట. పరేల్‌లో ఒక చాల్, అంటే కూలీల వరుస గదుల ఇల్లు, అందులో ఒక్క అర్ర, ఆ అర్రలో పన్నెండు మంది. పగటి డ్యూటీ వాళ్లు లేచిపోతే రాత్రి డ్యూటీ వాళ్లు వచ్చి అదే చాప మీద ఒరిగేవాళ్లు. "బొంబాయిల పనైతే దొరుకుతది బిడ్డా, నడుం వాల్చెతందుకే జాగ దొరకది" అనేవాడు.

ఆ జాగ కోసమే బతుకంతా ఆలోచించిన మనిషి ఒకడున్నాడని, ఆయన పుట్టింది మన సికింద్రాబాద్‌లోనేనని చిన్నతాతకు తెలియదు. నాకు తెలిసేసరికి ఇద్దరూ లేరు. ఆయన పేరు చార్లెస్ కొరియా.

1930 సెప్టెంబరు 1న పుట్టాడు. గోవా మూలాలున్న కుటుంబం. చిన్నప్పుడు బొమ్మ రైళ్లంటే ప్రాణం. పట్టాలు ఎక్కడ కలవాలి, ఎక్కడ విడిపోవాలి అని కాగితాల మీద గీసుకుంటూ కూర్చునేవాడు. తనను ఆర్కిటెక్టును చేసింది ఆ గీతలేనని పెద్దయ్యాక కూడా చెప్పుకున్నాడు. అమెరికాలో మిషిగన్‌లోనూ ఎంఐటీలోనూ చదివి, 1958లో బొంబాయిలో ఆఫీసు తెరిచాడు. ఆధునిక కట్టడమంటే సిమెంటు డబ్బా అనుకునే కాలంలో ఆయన చేతిలో అది ఆటయింది. జైపూర్ జవహర్ కళాకేంద్రానికి తొమ్మిది గడులు గీసి, అందులో ఒక గడిని పక్కకు తిప్పేశాడు. పాత జైపూర్ నగరం ప్లాను కూడా అట్లాగే ఉంటుంది మరి. భోపాల్‌లో భారత్ భవన్‌ను నేలలోకి దించి, చెరువు వైపు మెట్లు మెట్లుగా పరిచాడు. గోవా కళా అకాడమీ హాలు గోడల మీద కార్టూనిస్టు మారియో మిరాండా చేత ప్రేక్షకుల బొమ్మలు వేయించాడు. హాలు ఖాళీగా ఉన్న రోజు కూడా నటుడికి ఎదురుగా జనం కనిపిస్తారు.

వీటన్నిటికంటే నాకు దగ్గరైనది నవీ ముంబై బేలాపూర్‌లో ఆయన 1980లలో వేసిన ఇండ్ల కాలనీ. ఏడు ఇండ్లు, వాటి నడుమ ఒక వాకిలి. ఎనిమిది మీటర్లకు ఎనిమిది మీటర్లు, అంతే. అట్లాంటి మూడు గుంపులు కలిస్తే వాటికి ఇంకొంచెం పెద్ద వాకిలి. ఏ ఇంటి గోడా పక్కింటి గోడను ముట్టుకోదు. ఎందుకంటే, ఇవాళ ఒక్క అర్రతో మొదలుపెట్టినవాడు కొడుకు పెండ్లినాటికి ఇంకో అర్ర వేసుకోవాలి, పక్కవాణ్ని అడిగే పని లేకుండా. ఊరి మేస్త్రీ కట్టగలిగేంత సాదా పని. మొదటిసారి ఆ ప్లాను చూసినప్పుడు అందులో నాకు మా ఇల్లే కనిపించింది. చుట్టూ అర్రలు, నడుమ వాకిలి, ఎండాకాలం రాత్రి అందులో వరుసగా మంచాలు. మన దేశంలో ఆకాశం కింద ఉన్న జాగ కూడా ఒక అర్రేనని కొరియా నమ్మాడు. బీదవాడికి కప్పు ఎంత ముఖ్యమో ఆ ఖాళీ కూడా అంతే ముఖ్యమన్నాడు. గొల్లపల్లిలో ఈ మాట ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

అసలు ఆ నవీ ముంబై పుట్టుకలోనే ఆయన చెయ్యి ఉంది. సముద్రం అడ్డంగా ఉన్న బొంబాయి ఉత్తరానికే సాగి సాగి ఊపిరాడక పోతుంటే, 1964లో కొరియా, ప్రవీణా మెహతా, ఇంజనీరు శిరీష్ పటేల్ కలిసి ఒక మాటన్నారు: ఖాడీకి, అంటే సముద్రపు పాయకు, అవతలి ఒడ్డున ఇంకో నగరం కట్టండి, సర్కారు ఆఫీసులను అక్కడికి మార్చండి, పని అక్కడికి పోతే జనం దాని వెంట పోతారు. ఆ నగరం కట్టడానికి 1970లో సిడ్కో అనే సర్కారు సంస్థ ఏర్పడింది. కొరియా దానికి ముఖ్య ఆర్కిటెక్టు. ప్లానుకు ప్రాణమంతా ఆ ఆఫీసుల తరలింపులోనే ఉంది. అది జరగలేదు. సర్కారు కదలలేదు సరిగదా, ఇవతల నారిమన్ పాయింట్‌లో సముద్రాన్ని పూడ్చి ఇంకా ఆఫీసులు కట్టుకున్నారు. 1970ల నడుమ కొరియా ఆ పదవిలోంచి బయటికొచ్చాడు. నేరుగా లోకల్ రైలు ఖాడీ దాటి వాశీ చేరింది 1992లో. బొమ్మ రైళ్లతో పెరిగినవాడి నగరానికి రైలు అంత ఆలస్యమైంది.

ఇక మిల్లుల సంగతి. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది మగ్గాలు దిగారు. అందులో మా చిన్నతాత ఒకడు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల దిక్కు నుంచి పోయినవాళ్లు ఎందరో. ఏడాది దాటినా తెగలేదు. కొందరు భివండీ పవర్‌లూములకు పోయారు, కొందరు గల్ఫ్‌కు పోయారు, చిన్నతాత ట్రంకుపెట్టెతో ఊరికొచ్చాడు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నగరం నట్టనడుమ సుమారు ఆరు వందల ఎకరాలు మిగిలాయి.

1991 నిబంధన ప్రకారం ఆ నేల మూడు వాటాలు: ఒకటి తోటలకు, మైదానాలకు, ఒకటి సామాన్యుల ఇండ్లకు, ఒకటి యజమానులకు. ఆ నేలకు ప్లాను గీయడానికి 1996లో మహారాష్ట్ర ప్రభుత్వం కొరియా అధ్యక్షతన కమిటీ వేసింది. ప్రైవేటు మిల్లులు గేట్లు తీయలేదు. చేతికందిన 25 ఎన్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ) మిల్లులతోనే ఆయన ప్లాను గీశాడు. ముక్కలు ముక్కలుగా ఉన్న ఖాళీలను కలిపి పెద్ద మైదానాలు, నడిచిపోయేవాళ్లకు దారులు. పరేల్, ఎల్ఫిన్‌స్టోన్ రోడ్డు స్టేషన్ల దగ్గర జనం విడివిడిగా నడవడానికి ఒక పెద్ద వాకిలి.

ఆ రిపోర్టు బీరువాలోనే ఉండిపోయింది. 2001లో నిబంధన మారింది. కట్టడాలున్న నేల లెక్కలోకి రాదు, ఉత్త ఖాళీ నేలనే మూడు వాటాలు చేస్తే చాలన్నారు. చేను పంచుతామని చెప్పి గట్టు పంచినట్టయింది. కేసు పడింది, హైకోర్టు ఆపింది, 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మార్పును నిలబెట్టింది. కొరియాకు పద్మవిభూషణ్ వచ్చింది కూడా ఆ ఏడే. పరేల్‌లో మిల్లులుండిన చోట ఇప్పుడు మాల్‌లు, మెడ ఎత్తినా కొస కనిపించని టవర్లు. అక్కడక్కడ ఒక పొగగొట్టం నిలబడి ఉంది.

2015 జూన్ 16న కొరియా పోయాడు. అహ్మదాబాద్‌లో ఆయన కట్టిన ట్యూబ్ హౌస్‌ను అంతకు ముందే కూల్చారు. 2023 జూలైలో, మరమ్మతులు నడుస్తుండగానే, గోవా కళా అకాడమీ ఆరుబయలు రంగస్థలం కప్పు కూలింది. బేలాపూర్‌లో చాలామంది పాత ఇండ్లు తీసేసి మేడలు లేపారు. దానికి ఆయన బాధపడి ఉండడని నా నమ్మకం. పెంచుకోండనే కదా ఇచ్చాడు. ఆ ఏడిండ్ల వాకిళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. నేను పోయిన రోజు ఒక వాకిట్లో వడియాలు ఎండుతున్నాయి, పక్కన పిల్లల సైకిలు పడి ఉంది.

ఆయన పోయిన రెండేండ్లకు, 2017 సెప్టెంబరు 29 పొద్దున, వాన. ఎల్ఫిన్‌స్టోన్ రోడ్డు స్టేషన్ పాదచారుల వంతెన మీద తడవకుండా ఆగినవాళ్లు, రైలు దిగి ఎక్కుతున్నవాళ్లు. మిల్లుల జాగలో లేచిన ఆఫీసులకు పోయే జనం అంతా ఆ ఇరుకు మెట్ల మీదే. తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. కొరియా వాకిలి గీసింది ఆ మెట్ల దగ్గరే.