కాలయంత్రంలో మన సీటు

తెలుగు సైన్స్ ఫిక్షన్ సినిమాకి పుట్టినూరు ఏదని ఎవరైనా అడిగితే నేను తాడిపత్రి అంటాను. నవ్వకండి. 'మాయాబజార్' (1957) తీసిన కె.వి. రెడ్డి 1912లో పుట్టింది మా అనంతపురం జిల్లా తాడిపత్రిలోనే. ఆయన దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశాడు. నాగ్ అశ్విన్ తీయబోయే భవిష్యత్ కథకి ఆ సింగీతమే మార్గదర్శకుడిగా వుంటాడని 2020లో ప్రకటించారు. అప్పటికి ఆయనకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ కథ 2024 జూన్ 27న 'కల్కి 2898 ఏ.డి.'గా విడుదలైంది. హాలీవుడ్‌కి ఒకే పేరుతో భాగాలు భాగాలుగా సాగే సిరీస్‌లుంటే మనకి ఈ గురుశిష్య పరంపర వుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా నేను దీనికి అభిమానిని. ఆ అభిమానం ఇప్పటికీ వుంది గానీ అందులో ఒక ముల్లు కూడా వుంది.

'మాయాబజార్' పౌరాణికం కదా, సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుందంటారా? ప్రియదర్శిని పెట్టెని గుర్తు చేసుకోండి. మూత తెరిస్తే మనకి ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనిపిస్తాడు. దూరంగా వున్న మనిషిని తెర మీద చూసే యంత్రాన్ని తెలుగు సినిమా మొదట ఒక ఆడపిల్ల చేతుల్లో పెట్టింది. తర్వాతి సినిమాల్లో ఆడపిల్లకీ యంత్రానికీ మధ్య ఏం జరిగిందన్నదే నా బాధ.

'ఆదిత్య 369' వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో జైసల్మేర్ తర్వాత మనదే అని బడిలో ఏదో బహుమతి వచ్చినట్టు చెప్పేవాళ్ళు. చెనిక్కాయ విత్తనం వేశాక వాన వస్తుందా రాదా అన్నంత వరకే మా ఇళ్ళల్లో భవిష్యత్తు. అలాంటి చోట ఒక సినిమా 2504 దాకా లెక్కపెట్టింది. మూడో ప్రపంచయుద్ధం అయిపోయింది, భూమ్మీద రేడియేషన్, మనుషులు నేల కింద బతుకుతున్నారు. అయినా తెలుగే మాట్లాడుకుంటున్నారు! మన భాషకీ మనకీ అంత దూరం వుందని చెప్పిన మొదటి సినిమా అది. అందుకే దాన్ని ఈనాటికీ వదులుకోలేను. ఇళయరాజా పాటలు సరే, జంధ్యాల మాటలు సరే, నన్ను పట్టేసింది మాత్రం ఆ లెక్క.

కానీ ఆ యంత్రంలో ఎవరు ఎక్కారు? కథానాయిక హేమ ప్రొఫెసర్ రాందాసు కూతురు. కాలయంత్రం తయారైన ఇంట్లోనే పెరిగిన పిల్ల. ఆమె చేతిలో ఒక స్క్రూడ్రైవర్ చూసిన గుర్తు కూడా నాకు లేదు. యంత్రం వాళ్ళని 1526కి, కృష్ణదేవరాయల కాలానికి తీసుకుపోయింది. అక్కడ రాయలున్నాడు, తెనాలి రామకృష్ణుడున్నాడు, సిల్క్ స్మిత వేసిన రాజనర్తకి వుంది. నర్తకికి మోహమూ పంతమూ తప్ప వేరే పని లేదు.

ఆ కాలంలో ఆడవాళ్ళకి వేరే పనులు లేవా అంటే చాలా వున్నాయి. 1526కి పదేళ్ళు తిరగకముందే విజయనగరంలో వున్న పోర్చుగీసు వ్యాపారి ఫెర్నావో నూనిజ్ అంతఃపురం గురించి రాశాడు. అక్కడ కుస్తీ పట్టే స్త్రీలున్నారట, జ్యోతిషం చెప్పేవాళ్ళున్నారట. లోపలి ఖర్చుల లెక్కలన్నీ స్త్రీలే రాసేవాళ్ళట. రాజ్యవ్యవహారాలు రాసే స్త్రీలు కూడా వుండేవాళ్ళట, బయటి లేఖకుల పుస్తకాలతో తమ పుస్తకాలని సరిచూసుకునేవాళ్ళట. రాయల తర్వాత వచ్చిన అచ్యుతరాయల ఆస్థానంలో తిరుమలాంబ సంస్కృతంలో 'వరదాంబికా పరిణయ చంపువు' రాసింది. కాలయంత్రం సరిగ్గా ఈ ఆడవాళ్ళ వాకిట్లో దిగి, ఒక్కర్నీ చూడకుండా తిరిగొచ్చేసింది. 2025 ఏప్రిల్‌లో ఆ సినిమాని మళ్ళీ విడుదల చేస్తే మా అమ్మని తీసుకెళ్ళాను. బయటికొస్తూ అమ్మ, "రాయల కాలం బాగా చూపిచ్చినారు గానీ పాపా, అంత ఊరికి నీళ్ళెవరు మోసినారో చూపీలేదే" అంది. బోరు నీళ్ళ కోసం నలభై ఏళ్ళు బిందెలు వరసలో పెట్టిన మనిషి మాట అది.

ఈ సినిమాలతో మా సీమకి ఇంకో బంధం కూడా వుంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు రాజధానిని పెనుకొండకి మార్చుకున్నారు. ఆ పక్కనే వున్న హిందూపురం నుంచి 'మాయాబజార్' కృష్ణుడు ఎన్.టి. రామారావు 1985, 1989, 1994ల్లో శాసనసభకి ఎన్నికయ్యాడు. 'ఆదిత్య 369' రాయలు బాలకృష్ణ 2014, 2019, 2024ల్లో అక్కణ్ణుంచే గెలిచాడు. తెర మీది దేవుళ్ళనీ రాజులనీ మేం ఓట్లేసి మరీ పిలుచుకున్నాం. అభిమానం ఎంత దూరం పోతుందో మా జిల్లా వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక 'కల్కి'. గంగ ఎండిపోయిన కాశీని చూడగానే నాకు ఒళ్ళు జలదరించింది. నీళ్ళూ పచ్చదనమూ అన్నీ పైన తలకిందుల పిరమిడ్‌లాంటి కాంప్లెక్స్‌లో వున్నాయి, కిందివాళ్ళు అక్కడికి పోవడానికి యూనిట్లు కూడబెట్టుకుంటున్నారు. ఇది కల్పన అని కాశీవాళ్ళు అనుకోవచ్చు, అనంతపురం వాళ్ళం అనుకోలేం. ఆ కాంప్లెక్స్‌లో గర్భం దాల్చగల స్త్రీలని బంధించి, వాళ్ళ గర్భాల నుంచి సీరం తీస్తారు. వాళ్ళకి పేర్లు వుండవు, నంబర్లుంటాయి. దీపికా పదుకొణె పాత్ర సమ్-80. తెలుగు తెర మీద పునరుత్పత్తి రాజకీయాన్ని ఇంత పచ్చిగా చూపించిన పెద్ద సినిమా నాకు ఇంకోటి తెలియదు. వాణిజ్య సరోగసీని 2021 చట్టం నిషేధించేదాకా మన నగరాల్లో జరిగినదానికి అది మరీ దూరం కాదు.

ఆ జైలు గోడల్ని అంత బాగా కట్టిన సినిమా, ఆమెని బయటికి తెచ్చాక ఏం చేసింది? సుమతి అని పేరు పెట్టింది. పురాణాల్లో సుమతి పతివ్రత, మొగుడి కోసం సూర్యోదయాన్ని ఆపేసింది. చూడబోతే మన మొదటి కాలయంత్రం ఆమే! ఈ సుమతికి అంత పని కూడా లేదు. నిప్పుల్లోంచి నడిచొస్తుంది, తర్వాత ఆమె కోసం అందరూ కొట్టుకుంటారు. ఉత్తర గర్భం మీద దెబ్బ వేసిన పాపానికి శాపం మోస్తున్న అశ్వత్థామ ఆమెకి కాపలా. విలన్‌కి కావలసింది గర్భమే, రక్షకుడికి కావలసిందీ గర్భమే. ఆమెకేం కావాలో అడిగే తీరిక మూడు గంటల్లో ఎవరికీ దొరకలేదు. హీరో బండి బుజ్జి మాట్లాడేది ఆడగొంతుతో, కీర్తి సురేష్ గొంతుతో. నాకు అందరికంటే నచ్చిన మనిషి కైరా, అన్నా బెన్ వేసిన తిరుగుబాటు పిల్ల. ఆమెని తొందరగా చంపేశారు. 2025 సెప్టెంబరులో నిర్మాణసంస్థ రెండో భాగంలో దీపిక వుండదని ప్రకటించింది. ఆ రోజుల్లో పత్రికలు ఆమె పనిగంటల గురించి ఎంత చర్చించాయో, సుమతి ఏమవుతుందని అంతలో సగం కూడా చర్చించలేదు.

నాకు ఈ సుమతి కొత్తది కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు వుంది. కట్ట తెగబోతుంటే ఊరి కోసం తనని తాను బలిచ్చుకున్న కోడలు ముసలమ్మ కథ మా చిన్నప్పుడు అందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసులో చదువుకునే రోజుల్లో, 1899 ప్రాంతాల్లో, దాన్ని 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశాడు. ఆధునిక తెలుగు కవిత్వం మొదలైన చోట్లలో ఒకటని మన సాహిత్య చరిత్రలు దాన్ని చెప్తాయి. అంటే మన ఆధునికత కూడా గండిలోకి దిగుతున్న ఒక కోడలితోనే మొదలైంది.

సరిగ్గా ఆ కాలంలోనే, అదే మద్రాసులో, ఇంకో కథ అచ్చయింది. కమలా సత్తియనాథన్ నడిపిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో 1905లో వచ్చిన రొకేయా హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్'. అందులో స్త్రీల విశ్వవిద్యాలయం ఒక పెద్ద బెలూన్ కనిపెడుతుంది. దాంతో వాతావరణంలోంచి నేరుగా నీళ్ళు తీసుకుంటారు. కరువుండదు, వరదుండదు, కట్టకి ఎవరినీ బలివ్వనక్కర్లేదు. ఇంకో విశ్వవిద్యాలయం ఎండ వేడిని పట్టి దాచుకుంటుంది. అనంతపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. రెండు కథలూ మా ప్రెసిడెన్సీవే. సినిమా పరంపర ముసలమ్మని ఎన్నుకుంది. త్యాగం చేసే స్త్రీకి పౌరాణికంలో సిద్ధంగా చోటుంది, బెలూన్ కట్టే స్త్రీకి లేదు. మన సైన్స్ ఫిక్షన్ పౌరాణికం కడుపున పుట్టింది మరి.

2003-04లో మేఘమథనం పేరుతో ప్రభుత్వం మా జిల్లా మీద విమానాలు తిప్పి మబ్బుల్లో రసాయనాలు చల్లించింది. విమానం చప్పుడు వినిపిస్తే అమ్మా, పక్కింటి పెద్దమ్మా బిందెలు వదిలేసి మిద్దె ఎక్కేవాళ్ళు. రొకేయా ఊహించి అప్పటికి దాదాపు వందేళ్ళు. ఆ దృశ్యం తెలుగు సినిమాలో ఎప్పుడొస్తుందా అని చూస్తూనే వున్నాను. ఈలోగా సుల్తానా కలని 2023లో యానిమేషన్ సినిమాగా తీసింది స్పెయిన్ నుంచి ఇసబెల్ ఎర్గెరా.