గుడిగుడి దాస్యమునకుఁ గొలత

సెలవులకు అల్లూరు వచ్చిన మా పూర్వశిష్యుఁ డొకఁడు, తాను పట్టణమున హుక్కా త్రాగుచున్నాననియు, వారమున కొకసారియే గావున నది వ్యసనము కాదనియుఁ జెప్పెను.

ఈ ధీమా ప్రాఁతది. 1604 ప్రాంతమున అసద్ బేగ్ విజాపురమునుండి పొగాకును, రత్నములు చెక్కిన గొట్టమును దెచ్చి అక్బరు పాదుషాకు సమర్పించెను. వైద్యుఁడు వలదన్నను పాదుషా రుచి చూచెను, ప్రభువులు మరగిరి. 1617లో జహంగీరు పొగాకును నిషేధించెను, ఆజ్ఞ నిలువలేదు. 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించెను. శాసనము అంగడిని మూయఁగలదు గాని, త్రాగువాఁ డెంత బద్ధుఁడో చెప్పఁజాలదు.

సిగరెట్టు విషయమున ఫాగెర్‌స్ట్రోము 1978లో ప్రశ్నావళిని గూర్చెను: దినమున కెన్ని, నిద్ర లేచిన యెంతసేపటికి మొదటిది? హుక్కా కీ లెక్క పొసఁగదు. అది నలుగురితోఁ గూర్చుండి గంటసేపు త్రాగునది. కావున 2008లో లెబనాను పరిశోధకులు పదునొకండు ప్రశ్నలతో వేఱొక కొలత నేర్పఱచిరి. వారమున కెన్ని? ఏడు దినములు మానఁగలవా? జబ్బుగా నున్నను ద్రాగుదువా? రాబడిలో నెంత పాలు వెచ్చింతువు? ఒంటరిగాఁ ద్రాగుదువా? ఇట్టివి యందున్నవి.

నీరు పొగను జల్లఁబఱచునే గాని, నికోటిను రక్తమునఁ జేరుట నాపఁజాలదు. మేమా ప్రశ్నలను శిష్యు నడిగితిమి. అన్నిటికి నవ్వుచు బదులిచ్చి, కడపటిదానివద్ద నాగెను. చదువరులారా, మందలించుటకు ముందు మన పిల్లల నిట్లడుగుట మేలు.