పూర్వ ప్రాథమిక విద్యలో క్యాలెండరు బోధన

పూర్వ ప్రాథమిక విద్యలో క్యాలెండరు బోధన అనగా మూడు నుండి ఆరేళ్ళ లోపు పిల్లలకు వారాలు, తేదీలు, నెలలు, ఋతువుల గురించి ప్రతిదినం కొంతసేపు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి నేర్పే పద్ధతి. ఉత్తర అమెరికా కిండర్‌గార్టెనులలో దీనికి క్యాలెండర్ టైమ్ అని పేరు. భారతదేశంలోని నర్సరీ బడులలోను, అంగన్‌వాడీ కేంద్రాలలోను గోడమీది పటం చూపి వారాల పేర్లు వల్లె వేయించడం దీనికి దగ్గరి రూపం. అయితే పిల్లల కాలజ్ఞానం పట్టికతో మొదలుకాదు. ఇంటిలో వాడే మాటలు, ఊరి పండుగలు, వానల రాకపోకలతో మొదలవుతుంది. అనంతపురం జిల్లాలో పెన్నా నది ఒడ్డున ఉన్న తాడిపత్రి ఇందుకు మంచి ఉదాహరణ.

== నేపథ్యం ==
సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. 3 నుండి 6 ఏళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలలో ఇచ్చే పూర్వ ప్రాథమిక విద్య ఈ పథకంలో ఒక భాగం. 2020 జాతీయ విద్యావిధానం 3 నుండి 8 ఏళ్ళ వరకు గల వయసును పునాది దశగా గుర్తించినది. ఈ దశకు సంబంధించిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2022లో వెలువడినది.

== పిల్లలకు కాలం తెలిసే తీరు ==
మూడు నాలుగేళ్ళ పిల్లలకు ముందుగా తెలిసేది సంఘటనల వరుస. అన్నం తిన్న తరువాత నిద్ర, నిద్ర లేచాక ఇల్లు అన్నది వారికి సులభంగా అర్థమవుతుంది. ఎంత కాలం అన్నది చాలా ఆలస్యంగా తెలుస్తుంది. పిల్లల కాలజ్ఞానాన్ని పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త విలియం ఫ్రీడ్‌మన్, రాబోయే వారాలలో జరిగేదానికీ నెలల తరువాత జరిగేదానికీ గల దూరాన్ని నాలుగేళ్ళ పిల్లలు సరిగా పోల్చలేరని చూపాడు. 2008లో శాలీ బెనెకె, మైకలీన్ ఆస్ట్రోస్కీ, లిలియన్ కాట్జ్ "యంగ్ చిల్డ్రన్" పత్రికలో వ్రాసిన వ్యాసం ఇటువంటి ఆధారాలతో దినచర్యగా సాగే క్యాలెండరు పాఠాన్ని విమర్శించినది. పిల్లవాడు "ఈరోజు మంగళవారం" అని అందరితోపాటు అనగలడు కాని, దానివలన అతనికి మంగళవారం అంటే ఏమిటో తెలిసినట్లు కాదు. అంకెలు నేర్పడానికి కూడ ఈ పట్టిక అంత అనువైనది కాదు. లెక్క పదులలో సాగుతుంది, క్యాలెండరు వరుస ఏడింటికే ముగుస్తుంది.

== భాష ==
తెలుగులో నిన్న, మొన్న, రేపు, ఎల్లుండి అని నాలుగు రోజులకు నాలుగు విడి మాటలు కలవు. ఐనా పసిపిల్లలు "రేపు పోయినాము" అంటూ ఉంటారు. మొన్న అనే మాట వారి నోట నిన్నటి నుండి నిరుటి దాకా దేనికైనా సరిపోతుంది (పెద్దలు కూడ ఈ విషయంలో మరీ ఖచ్చితంగా ఉండరు). తాడిపత్రిలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు కూడ ఉన్నాయి. ఉర్దూలో "కల్" అన్నది నిన్నకూ రేపటికీ ఒకటే మాట, "పర్సోఁ" మొన్నకూ ఎల్లుండికీ ఒకటే. ఏది జరిగినదో ఏది జరగబోతున్నదో క్రియాపదాన్ని బట్టి తెలుసుకోవాలి. కనుక ఉర్దూ ఇంటి నుండి తెలుగు కేంద్రానికి వచ్చిన పిల్ల నిన్న, రేపు అనే మాటలను తారుమారు చేస్తే దానిని తెలివితక్కువతనంగా భావించరాదు. వారాల పేర్లలోనూ ఇటువంటి తేడా ఉంటుంది. పటం మీద గురువారం అని ఉంటుంది, ఇంటిలో అవ్వ బేస్తవారం అంటుంది, ఉర్దూ వారు జుమేరాత్ అంటారు. మూడూ ఒకే రోజు అని మొదటే చెప్పడం మేలు.

== ఒకే ఊరిలో పలు కాలమానాలు ==
బడికి, జీతాలకు, బస్సులకు ఇంగ్లీషు క్యాలెండరు వాడుతారు. ఉగాది, వినాయక చవితి చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. వినాయక చవితి 2023లో సెప్టెంబరు 18న, 2024లో సెప్టెంబరు 7న, 2025లో ఆగస్టు 27న వచ్చినది. అధికమాసం వచ్చినప్పుడు తేదీ మళ్ళీ ముందుకు జరుగుతుంది. హిజ్రీ సంవత్సరంలో అధికమాసం లేదు కనుక రంజాన్, మొహర్రం ఏటా సుమారు పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ దాదాపు 33 ఏళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టివస్తాయి. రాయలసీమలో పీర్ల పండుగ హిందూ ముస్లిములిద్దరిదీ. నార్పల మండలంలోని గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవాలు ప్రసిద్ధమైనవి. పండుగ ఈసారి ముందే ఎందుకు వచ్చినదని అడిగే పిల్లకు గణితం చెప్పనక్కరలేదు. చంద్రుని చూసి లెక్కించే పండుగ అని చెప్పి, నెలవంకను చూపితే చాలును.

రైతులు వాడే కార్తెలు సూర్యుడు ఉన్న నక్షత్రాన్ని బట్టి ఏర్పడినవి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పదునాలుగు రోజులు. సౌరమానం కనుక ఇవి ఇంగ్లీషు తేదీలతో దాదాపు స్థిరంగా ఉంటాయి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 7-8 తేదీలలో, ఆరుద్ర జూన్ 21-22 తేదీలలో మొదలవుతుంది. వేరుశనగ విత్తే కాలాన్ని ఇక్కడ వీటితోనే చెప్పుకొంటారు.

== వాతావరణ పటం ==
ఎండ, మబ్బు, వాన, మంచు బొమ్మలలో ఆనాటిదానిని తగిలించడం క్యాలెండరు పాఠంలో ఒక అంశం. అనంతపురం జిల్లా పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. సాలుసరి వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మంచు కురిసే బొమ్మ ఇక్కడ అర్థంలేనిది. వాన బొమ్మ నెలల తరబడి పెట్టెలోనే ఉండిపోతుంది. అయితే ఈ లేమినే పాఠంగా చేయవచ్చును. వాన పడిన రోజున ఒక గులకరాయి డబ్బాలో వేసి, నెలాఖరున లెక్కించి, మరుసటి నెల రాళ్ళతో పోల్చితే ఎక్కువ, తక్కువ, అసలు లేకపోవడం అనేవి పిల్లలకు కంటికి కనబడతాయి. పెద్దలు ఇంటిలో దేనికోసం ఆకాశం వైపు చూస్తున్నారో కూడ అర్థమవుతుంది.

== అనువైన పద్ధతులు ==
దినచర్యను బొమ్మల వరుసగా గోడకు కట్టి, అయిన పనిని తిప్పివేయడం అన్నిటికంటె సులభం. తాడిపత్రి ప్రాంతం నాపరాళ్ళకు పేరుపొందినది. రాతి బండలు పరచిన నేల ఉన్నచోట వరుసగా ఏడు బండలపై సుద్దతో వారాల పేర్లు వ్రాసి, తొక్కుడుబిళ్ళ ఆటలో వలె పిల్లలను ఈరోజు బండపై నిలబెట్టి నిన్నటికి వెనక్కి, రేపటికి ముందుకు అడుగు వేయించవచ్చును. వారం తిరిగి మొదటికి వస్తుందని ఇందువలన తెలుస్తుంది.

కరవు ఏడాదులలో ఈ జిల్లా నుండి కూలీలు బెంగుళూరుకు, కేరళకు వలసపోవడం తెలిసినదే. పిల్లలు అవ్వతాతల వద్ద ఉండిపోతారు. "అమ్మ ఎప్పుడు వస్తుంది?" అన్న ప్రశ్నకు "పై నెల" అన్న సమాధానం నాలుగేళ్ళ పిల్లకు ఏమీ చెప్పదు. వచ్చే రోజు నిశ్చయమై, దగ్గరలో ఉన్నప్పుడు మాత్రం, మిగిలిన రోజులకు సరిపడా చింతగింజలు ఒక గిన్నెలో వేసి రోజుకొకటి తీయించడం ఉపయోగపడుతుంది. తేదీ తెలియనప్పుడు గింజలు పెట్టకపోవడమే మంచిది. గిన్నె ఖాళీ అయిన నాడు ఎవరూ రాకపోతే పిల్ల మరుసటిసారి లెక్కను నమ్మదు.